హెండన్‌లో హైదరాబాద్ విమానం

కిందటి సంచికలో పాత బైప్లేన్ల గురించి, అంటే రెక్క మీద రెక్క ఉండే తొలినాటి విమానాలను ఎలా బాగుచేస్తారో రెండు పేజీలు రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాను. కొత్తగా చదివేవారి కోసం ఒక్క మాట: నేను ముప్పై ఎనిమిదేళ్లు విమానాల మెయింటెనెన్స్‌లో పనిచేసి రిటైరయ్యాను. మొదటి ఆరేళ్లూ ఒక ఫ్లయింగ్ క్లబ్ హ్యాంగర్‌లో గుడ్డ, కర్ర, జిగురు పని. తర్వాత పెద్ద పెద్ద జెట్ విమానాలు చూశాను కానీ, చేతికి పని నేర్పింది మాత్రం ఆ ఆరేళ్లే.

ప్రశ్న: లండన్‌లో ఉన్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు మనవడు పట్టుబట్టి హెండన్‌లోని రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంకి తీసుకెళ్లాడు. అక్కడ ఒక పాత బైప్లేన్ దగ్గర హైదరాబాద్ పేరు, నిజాం పేరు కనిపించాయి. అది మన హైదరాబాదేనా? ఆ విమానం అక్కడికి ఎలా చేరింది? – ఒక పాఠకురాలు, సికింద్రాబాద్

మన హైదరాబాదేనమ్మా. మీరు చూసింది డీహెచ్ 9ఏ అనే బాంబర్. దాని నంబరు ఎఫ్ 1010.

మొదటి ప్రపంచ యుద్ధం చివరి ఏడాది, 1918లో, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన డబ్బుతో బ్రిటిష్ వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కి విమానాలు సమకూర్చారు. ఇది హైదరాబాద్ నిజాం కానుక అని ప్రతి విమానం మీదా రాయించారు. అందుకే ఆ దళానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు వచ్చింది. డీహెచ్ 9ఏతో యుద్ధంలోకి దిగిన మొదటి స్క్వాడ్రన్ అదే. 400 హార్స్‌పవర్ ఇచ్చే పన్నెండు సిలిండర్ల అమెరికన్ లిబర్టీ ఇంజన్, ముక్కు ముందు తలుపులాగా నిలువుగా పెద్ద రేడియేటర్, ముందు పైలట్, వెనక తుపాకీతో అబ్జర్వర్. సెప్టెంబర్ మొదట్లో ఫ్రాన్స్ చేరారు, పట్టపగలు జర్మనీ పట్టణాల మీద దాడులకు వెళ్లారు. వెళ్లినవాళ్లలో తిరిగిరానివాళ్లు చాలామంది.

1918 అక్టోబర్ 5న ఎఫ్ 1010 శత్రువుల భూభాగంలో దిగిపోయింది. అందులోని పైలట్‌, అబ్జర్వర్ ఇద్దరినీ జర్మన్లు ఖైదు చేశారు. విమానాన్ని మాత్రం తగలబెట్టకుండా ఉంచుకున్నారు. అది బెర్లిన్ మ్యూజియంకి చేరింది. రెండో ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ మీద బాంబులు పడుతుంటే మ్యూజియం సామాను తూర్పు వైపు తరలించారు. యుద్ధం ముగిసేసరికి అది పోలండ్‌లో ఉండిపోయింది, తర్వాత క్రాకోవ్‌లోని విమాన మ్యూజియంకి చేరింది. 1977లో బ్రిటిష్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్‌ని పోలండ్‌కి ఇచ్చి, బదులుగా దీన్ని తెచ్చుకున్నారు. కార్డింగ్టన్‌లోని వర్క్‌షాపులో పని చేసి 1983లో హెండన్‌లో పెట్టారు.

ఒక స్పిట్‌ఫైర్‌ని వదులుకోవడమంటే మాటలు కాదు. రెక్కలు కూడా లేని ఒక మొండెం కోసం వదులుకున్నారు! ఆ చేసినవాళ్లకు నేను మనసులో ఎన్నిసార్లు దండం పెట్టుకున్నానో. రెక్కలు ఇంగ్లండులో కొత్తగా చేసినవే. అందుకే మీరు మళ్లీ వెళ్తే రెక్కల దగ్గర ఆగకండి. మొండెం దగ్గర నిలబడి చూడండి. ఆ రోజు ఆకాశంలోకి వెళ్లింది ఆ మొండెమే. హైదరాబాద్ పేరు మోసింది గానీ, హైదరాబాద్ గాలి ఎప్పుడూ పీల్చలేదు. మీ మనవడికి ఈ సంగతి చెప్పండి, ఈసారి మిమ్మల్ని వాడు ఇంకా పట్టుబట్టి తీసుకెళ్తాడు.

ప్రశ్న: కర్రంతా మార్చి, గుడ్డంతా మార్చి, రెక్కలు కొత్తవి చేశాక అది పాత విమానం ఎలా అవుతుంది సార్? నకలే కదా? – ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

నువ్వు అడిగింది ఈ పనిలో అసలు ప్రశ్న, నాయనా. దీనికి నేను బికనీర్ విమానాల కథ చెబుతాను, ఎందుకంటే ఇంతకంటే గట్టి పరీక్ష ఇంకోటి నాకు తెలియదు.

మొదటి యుద్ధం అయిపోయాక బ్రిటన్ దగ్గర విమానాలు గుట్టలుగా మిగిలిపోయాయి. వాటిలో 100 విమానాలను భారతదేశానికి కానుకగా ఇచ్చింది. యుద్ధంలో బ్రిటన్ పక్షాన నిలిచిన బికనీర్ మహారాజా గంగాసింగ్‌కి అలా కొన్ని డీహెచ్ 9లు దక్కాయి. ఇందాక చెప్పిన 9ఏకి ఇది అన్న. ఇంజన్ సిడ్లీ ప్యూమా, 300 హార్స్‌పవర్ వస్తుందనుకున్నారు గానీ 230 దగ్గరే ఆగిపోయింది. దాంతో యుద్ధంలో దీనికి మంచి పేరు రాలేదు. కాలక్రమంలో ఆ విమానాలు బికనీర్ ఏనుగుల శాలలోకి చేరాయి. పాత అంబారీల మధ్య, దుమ్ములో, దశాబ్దాలు పడి ఉన్నాయి. 1990ల్లో అవి అక్కడున్నాయని బయటి లోకానికి తెలిసింది. అప్పటికి చెదలు తినగలిగినంత తినేశాయి.

చెదపట్టిన కర్ర ఎలా ఉంటుందో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. పైన రంగు బాగానే ఉంటుంది, వేలితో నొక్కితే లోపలికి పోతుంది. అలాంటి కర్రతో ఎగరలేం. మరి ఏం మిగిలింది? ఇనుము మిగిలింది. కర్రకీ కర్రకీ మధ్య పట్టీలు, రెక్క మొండేనికి తగులుకునే అతుకులు, బోల్టులు, తీగలు బిగించే కొక్కేలు.

ఇక్కడ కొంచెం ఆగి వివరంగా చెబుతాను. ఒక పట్టీని చేతిలోకి తీసుకున్నావనుకో. దాని రెండు చెంపల మధ్య ఖాళీ కొలిస్తే అక్కడ ఉండిన కర్ర మందం తెలుస్తుంది. బోల్టు రంధ్రాల మధ్య దూరం ఆ కర్ర లోతు ఎంతో చెబుతుంది. రంధ్రం ఒకవైపు సాగి కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చిందంటే బరువు ఎటు లాగేదో అర్థమవుతుంది. పట్టీ లోపలి ముఖం మీద తుప్పు మరకలో కర్ర గీతల అచ్చు కూడా ఒక్కోసారి కనిపిస్తుంది. ఆ అచ్చును బట్టి కర్రను ఏ దిక్కుగా పెట్టారో చెప్పగలం. అంటే చెదలు తినేసిన కర్రకు కొలతలన్నీ ఆ ఇనుప పట్టీ దగ్గర ఉన్నాయన్నమాట. మంచి పనివాడు ముందు ఆ పట్టీల దగ్గర కూర్చుంటాడు, రంపం తర్వాత పట్టుకుంటాడు.

బికనీర్ నుంచి రెండు విమానాలు ఇంగ్లండు వెళ్లాయి. అక్కడ ఈస్ట్ ససెక్స్‌లో, గై బ్లాక్ అనే పునరుద్ధరణ నిపుణుడి వర్క్‌షాపులో, ఏళ్ల తరబడి పని జరిగింది. ఒకటి, డి 5649, డక్స్‌ఫర్డ్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియంలో కదలకుండా ఉంటుంది. రెండోది, నంబరు ఈ-8894, 2019 మే నెలలో మళ్లీ గాలిలోకి లేచింది. ప్రపంచంలో ఎగురుతున్న డీహెచ్ 9 అదొక్కటే. బికనీర్‌లోనే ఉండిపోయిన ఇంకో విమానాన్ని అక్కడి జునాగఢ్ కోట మ్యూజియంలో చూడొచ్చు.

ఇప్పుడు నీ ప్రశ్నకు వస్తాను. ఎగిరే విమానంలో పాత కర్రకు చోటు తక్కువ. అందులో మనిషి కూర్చుంటాడు కాబట్టి నమ్మకం లేని ప్రతి ముక్కా తీసేయాల్సిందే. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు. కదలకుండా ఉండే విమానంలో మాత్రం పాత కర్ర వీలైనంత ఉండాలి. విరిగిన చోట కూడా, బరువు మోయాల్సిన పని లేకపోతే, విరిగినట్టే ఉండనివ్వాలి. పాత వస్తువు ఏదీ లేకుండా ఒట్టి డ్రాయింగుల నుంచి చేస్తే అది నకలు, అందులో తప్పేమీ లేదు, నకలని చెప్పి చేస్తే చాలు. కానీ పాత పట్టీ ఏం చెబుతోందో విని, ఆ పట్టీనే మళ్లీ వాడి, దాని చుట్టూ కొత్త కర్ర కడితే దాన్ని నకలు అనడానికి నాకు నోరు రాదు. మన ఊళ్లల్లో రథానికి చక్రం మారుస్తారు, ఇరుసు మారుస్తారు. రథం మారిందని ఎవరూ అనరు కదా.

తీసేసిన చెడిపోయిన కర్రను మాత్రం పారేయకూడదు. చీటీ కట్టి దాచాలి. ఇప్పుడు మనకు అర్థం కానిది అందులోంచి రేపు ఇంకొకరు చదువుతారు.

ప్రశ్న: మాది నేత కుటుంబం. విమానం రెక్కల మీద గుడ్డ వేస్తారని మీరు రాస్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు. అది ఏ గుడ్డ? అంత గాలికి చిరిగిపోదా? – ఒక పాఠకుడు, మంగళగిరి

మీ ఉత్తరం చదివి నాకు చాలా సంతోషమైంది. ఈ పనిలో నేతపనివాళ్ల కన్ను ఎంత అవసరమో నాకు తెలుసు.

మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ విమానాలకు వాడింది ఐర్లండు లినెన్, అంటే అవిసె మొక్క నారతో నేసిన బట్ట. తర్వాత నూలు కూడా వాడారు. విమానాల కోసం గ్రేడ్ ఏ అనే నూలు బట్ట ఉంది. అంగుళానికి కనీసం 80 పడుగు పోగులు, 80 పేక పోగులు. అంగుళం వెడల్పు పట్టీ కోసి లాగితే 80 పౌన్లు, అంటే సుమారు 36 కిలోల బరువు వరకు తెగకూడదు. పడుగు వైపు లాగినా అంతే, పేక వైపు లాగినా అంతే. మీ మగ్గం మీద రెండు దిక్కులా ఒకే బలం తేవడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. ఎండకూ వానకూ వాడి వాడి ఆ బలం 56 పౌన్లకు పడిపోతే ఆ బట్ట ఊడదీసి కొత్తది వేయాల్సిందే. ఇప్పుడు చాలామంది పాలిస్టర్ బట్ట వేసి ఇస్త్రీపెట్టె వేడితో బిగిస్తున్నారు. మన్నిక ఎక్కువ, నిజమే. అయినా పాత విమానం మీద లినెన్ చూస్తే వేరు.

ఇక చిరగకపోవడం గురించి. బట్టను రెక్కకు అంటించి వదిలేయరు, కుడతారు. రెక్క లోపల చేప ఆకారంలో సన్నటి కర్ర పక్కటెముకలు ఉంటాయి. ఒక్కొక్క పక్కటెముక పొడుగునా, పై బట్ట నుంచి కింది బట్టకు గుచ్చి, మైనం పట్టించిన దారంతో ముడులు వేసుకుంటూ పోవాలి. సూది అడుగు పొడవుంటుంది. నేను రెక్కకు ఇటు, నా సీనియర్ అటు. రెక్కను నిలబెట్టి, నేను సూది గుచ్చితే ఆయన అందుకుని తిరిగి గుచ్చేవారు. మధ్యలో గుడ్డ అడ్డం కాబట్టి ఒకరికొకరం కనపడం. రోజంతా సూది మొన ఒక్కటే మాకు మాట. కుట్టుకూ కుట్టుకూ మధ్య ఇంచుమించు మూడు అంగుళాలు, ప్రొపెల్లర్ గాలి కొట్టే చోట ఇంకా దగ్గరగా. ప్రతి కుట్టుకూ విడిగా ముడి పడుతుంది. ఒకటి తెగినా పక్కది వదులు కాకూడదని అలా. ఆ కుట్టు మీద మళ్లీ గుడ్డ పట్టీ అంటిస్తారు. ఆ పట్టీ అంచు రంపం పళ్లలా కోసి ఉంటుంది. ఎందుకో మీకు చెప్పనవసరం లేదు, పోగులు ఊడకుండా.

దాని మీద డోప్ పూస్తారు. మీరు పడుగుకు గంజి పెట్టినట్టే అనుకోండి, కాకపోతే ఇది సెల్యులోజ్‌ని ద్రావకంలో కరిగించినది. మొదటి పూత వేయగానే గుడ్డ కాస్త వదులైనట్టు కనిపించి, కొత్తవాళ్లకు టెన్షన్ పుడుతుంది. ఆరేకొద్దీ బిగుసుకుంటుంది. మూడో పూత ఆరాక గోటితో కొడితే కాచిన డప్పులా మోగుతుంది. ఆ మోత కోసం నేను రాత్రి ఇంటికి వెళ్లకుండా హ్యాంగర్‌లో కూర్చున్న రోజులున్నాయి. పూతల్లో కొన్నిటిలో అల్యూమినియం పొడి కలుపుతారు. అది అందానికి కాదు, ఎండ గుడ్డను తినేయకుండా.

మన వానాకాలంలో ఒక చిక్కుంది. ద్రావకం ఆవిరవుతూ గుడ్డను చల్లబరుస్తుంది, గాలిలో తడి దాని మీద చేరుతుంది, పూత తెల్లగా పాలిపోతుంది. చూడ్డానికి బూజులా ఉంటుంది. అలా తెల్లబారిన పూతకు బలం ఉండదు. జూలై, ఆగస్టుల్లో మేం పొద్దెక్కి, తడి తగ్గాకే డబ్బా మూత తీసేవాళ్లం.

ఇంకొక్క మాట చెప్పకుండా ఉండలేను. మొదటి యుద్ధం తొలి ఏళ్లలో బ్రిటన్ ఫ్యాక్టరీల్లో వాడిన డోప్‌లో టెట్రాక్లోరోఈథేన్ అనే విషపు ద్రావకం ఉండేది. ఆ గదుల్లో పనిచేసినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. కాలేయం చెడి, కామెర్లు వచ్చి కొందరు చనిపోయారు. తర్వాతే ఆ ద్రావకాన్ని మానిపించారు. మ్యూజియంలో మెరిసే రెక్క చూసినప్పుడు పైలట్ పేరుతో పాటు వాళ్లూ గుర్తుకు రావాలి.

ప్రశ్న: పాత విమానాలు ఆముదంతో నడిచేవని మా నాన్నగారు చెప్పేవారు. నిజమేనా? – ఒక రైతు, నల్గొండ జిల్లా

నడిచింది పెట్రోలుతో. ఆముదం కందెనగా వాడారు. మొదటి యుద్ధంలో కొన్ని విమానాలకు రోటరీ ఇంజన్లు ఉండేవి. వాటిలో నడిమి ఇరుసు కదలదు, సిలిండర్లన్నీ ప్రొపెల్లర్‌తో పాటు గిర్రున తిరుగుతాయి. పెట్రోలు ఆవిరి ఇంజన్ కడుపులోంచే పోతుంది కాబట్టి మామూలు నూనె దాంట్లో కరిగి పలచబడుతుంది. ఆముదం అంత తేలిగ్గా కరగదు. వాడిన ఆముదం తిరిగి రాదు, గాలిలోకి చిమ్మి పైలట్ ముఖం మీద పడుతుంది. క్యాస్ట్రాల్ అన్న పేరులో క్యాస్టర్ అంటే మీ చేలో పండే ఆముదమే. ఇప్పటికీ అలాంటి ఇంజన్ బాగుచేసి తిప్పేవాళ్లు ఆముదమే పోస్తారు. మీ నాన్నగారు చెప్పిన దాంట్లో తప్పు పట్టేదేమీ లేదు.

ప్రశ్న: ఒక రెక్కతో ఎగరగలిగినప్పుడు రెండెందుకు పెట్టారు? – ఎనిమిదో తరగతి విద్యార్థిని, ఖమ్మం

అప్పట్లో రెక్కలు చాలా పలచగా చేసేవారమ్మా. పలచటి కర్ర రెక్క ఒంటరిగా బరువు మోయలేదు, వంగిపోతుంది. రెండు రెక్కల మధ్య నిలువు కర్రలు పెట్టి, మూల నుంచి మూలకు తీగలు బిగిస్తే రైలు వంతెనలా గట్టి పెట్టె తయారవుతుంది. ఈసారి గోదావరి మీద పాత వంతెన చూసినప్పుడు దాని ఇనుప కమ్మీలు ఎలా ఐమూలగా ఉన్నాయో గమనించు. ఆ తీగలను సరిచేయడమే బైప్లేన్‌కి ఆఖరి పని. తాపీ మేస్త్రీలాగే రసమట్టం, గుండు కట్టిన దారం పెట్టుకుని, ఒక తీగ పావు చుట్టు బిగిస్తే ఎదుటి తీగ పావు చుట్టు వదలాలి. నాలుగు రోజులు పట్టేది మాకు.

ప్రశ్న: ఈ పని నేర్చుకోవాలంటే మన దేశంలో దారి ఉందా? – ఒక పాఠకుడు, కర్నూలు

ఉంది. పౌర విమానాల వ్యవహారాలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ డీజీసీఏ ఇచ్చే విమాన మెయింటెనెన్స్ లైసెన్సులో పిస్టన్ ఇంజన్ విమానాలకు బీ1.2 అని ఒక విభాగం ఉంది. ఆ సిలబస్‌లో కర్ర నిర్మాణం, గుడ్డ కప్పడం ఇప్పటికీ పాఠాలే. చాలామంది పరీక్ష కోసం బట్టీపట్టి వదిలేస్తారు, మీరు వదలకండి. దాంతో పాటు మంచి వడ్రంగి దగ్గర ఆర్నెల్లు కూర్చోండి. విమానాల కర్రలో గీతలు పదిహేను అంగుళాల పొడవులో ఒక అంగుళం కంటే ఎక్కువ పక్కకు జరగకూడదని పుస్తకంలో చదువుతారు. ఆ గీతను చూసే కన్ను మాత్రం వడ్రంగి దగ్గరే వస్తుంది.

మన వైమానిక దళం కూడా పాత విమానాలను మళ్లీ ఎగరేసింది. టైగర్ మాత్ అనే పాత శిక్షణ బైప్లేన్‌ని ఒకదాన్ని ఇంగ్లండులో బాగుచేయించి తెచ్చి, 2012 అక్టోబర్ 8న వైమానిక దళ దినోత్సవానికి ఢిల్లీ దగ్గరి హిండన్‌లో ఎగరేశారు. టీవీలో దాని ఇంజన్ చప్పుడు విని నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ పనంతా మన హ్యాంగర్‌లో, మన పిల్లల చేతుల మీద జరగాలని నా కోరిక. మీలాంటివాళ్లు రాస్తుంటే ఆ రోజు వస్తుందనిపిస్తుంది.

ప్రశ్న: మా తాతగారు రెండో ప్రపంచ యుద్ధ సమయంలో బేగంపేట విమానాశ్రయంలో వడ్రంగి. అప్పుడు తెచ్చిన కర్ర ప్రొపెల్లర్ ఒకటి మా అటక మీద ఉంది. ఆరడుగుల పైన ఉంటుంది, అంచులకు ఇత్తడి రేకు ఉంది. గీసి, పాలిష్ పెట్టించి హాల్లో గోడకు తగిలిద్దామనుకుంటున్నాం. దాంతో పాటు ముల్లు, అంకెలు ఉన్న గడియారంలాంటి గుండ్రటి మీటర్ కూడా ఒకటి ఉంది. ఏ పాలిష్ మంచిది? – ఒక పాఠకుడు, భువనగిరి

బాబూ, ముందు పాలిష్ మేస్త్రీకి ఫోన్ చేసి రావద్దని చెప్పండి. తర్వాత ఇది చదవండి.

యుద్ధకాలంలో బేగంపేటలో పైలట్లకు తొలి పాఠాలు చెప్పే స్కూలు నడిచింది. వాళ్లు నేర్పింది టైగర్ మాత్ మీద. అది బైప్లేన్, 130 హార్స్‌పవర్ జిప్సీ మేజర్ ఇంజన్, ముందు రెండు ఆకుల కర్ర ప్రొపెల్లర్. మీరు చెప్పిన పొడవును బట్టి మీ దగ్గరున్నది దానిదే అయ్యుండొచ్చు. ఖాయంగా చెప్పాలంటే నడిమి భాగం చూడాలి. ఇరుసు దూరే పెద్ద రంధ్రం, చుట్టూ బోల్టు రంధ్రాలు ఉంటాయి కదా, ఆ దిమ్మె పక్కల మీద కర్రలోకి అచ్చు గుద్దిన అక్షరాలు, అంకెలు ఉంటాయి. డ్రాయింగ్ నంబరు, ఇంజన్ పేరు, డి అక్షరం పక్కన వ్యాసం, పి అక్షరం పక్కన పిచ్, అంటే ఒక చుట్టుకు ఎంత ముందుకు పోవాలన్న లెక్క, తనిఖీ చేసినవాళ్ల చిన్న ముద్రలు. ఈ అచ్చులు లోతు తక్కువ. ఉప్పుకాగితం నాలుగుసార్లు ఆడితే మాయమవుతాయి.

ఎలా మాయమవుతాయో నాకు తెలుసు. క్లబ్‌లో చేరిన రెండో ఏడు, ఎవరో పెద్దమనుషులు వస్తున్నారని మూలనున్న ఒక పాత ప్రొపెల్లర్‌ని శుభ్రం చేయమన్నారు. ఉత్సాహంగా ఒక పగలంతా గీకి, వార్నిష్ కొట్టి, అద్దంలా చేశాను. సాయంత్రం మా సీనియర్ వచ్చారు. ఏమీ అనలేదు. దిమ్మె మీద బొటనవేలు పెట్టి అటూ ఇటూ రాశారు, ఏదో వెతుకుతున్నట్టు. తర్వాత మెల్లగా అన్నారు: "దీని ఊరూ పేరూ చెరిపేశావురా అబ్బాయ్." అది ఏ విమానానిదో, ఎప్పటిదో ఆ తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. యాభై ఏళ్లు దాటింది. ఆ బొటనవేలు నాకు ఇప్పటికీ కనిపిస్తుంది.

అందుకే చెబుతున్నాను. గీకొద్దు, వార్నిష్ వద్దు, నూనె వద్దు, ఇత్తడి రేకుకు చింతపండు అసలే వద్దు. మెత్తటి పొడి కుంచెతో దుమ్ము దులపండి, అంతే. ఆ ప్రొపెల్లర్ ఒకే దుంగలో చెక్కింది కాదు, పలకలు పేర్చి జిగురుతో అతికించి చెక్కింది. ఆ కాలంలో పాల నుంచి తీసే కేసిన్ జిగురు బాగా వాడుకలో ఉండేది. తడి తగిలితే దానికి బూజు పట్టి పట్టు వదులుతుంది. కాబట్టి తడిగుడ్డ పెట్టకండి. అతుకుల గీతల వెంట టార్చి లైటు పక్కవాటుగా వేసి చూడండి, నోరు తెరిచినట్టు సన్నటి నల్లగీత కనిపిస్తే అక్కడ విడిపోతోందని అర్థం. ఇత్తడి రేకు చివర సూది బెజ్జాలు ఉంటాయి, లోపలి తడి బయటికి పోవడానికి పెట్టినవి. వాటిని మైనంతో, రంగుతో మూయకండి.

గోడకు తగిలించేటట్టయితే నిలువుగా కాకుండా అడ్డంగా తగిలించండి. నిలువుగా పెడితే కర్రలోని తడి కింది ఆకులోకి దిగి ఒకవైపు బరువెక్కుతుందని హ్యాంగర్‌లో కూడా అడ్డంగానే ఉంచుతాం. దిమ్మె రంధ్రంలోంచి మేకు కొట్టకండి, కింద రెండు చోట్ల గుడ్డ చుట్టిన కర్ర దన్నులు పెట్టండి. ఎండ పడే గోడ వద్దు, బాత్రూం గోడ వద్దు. ఆ ఇంటికి చెదలుంటే ముందు చెదల సంగతి చూడండి.

ఆ గుండ్రటి మీటర్‌ని మాత్రం దయచేసి ఇంకా జాగ్రత్తగా చూడండి. యుద్ధకాలపు మీటర్లలో చీకట్లో కనపడటానికి అంకెల మీద రేడియం కలిపిన రంగు వేసేవారు. ఇప్పుడు వెలుగు రాకపోవచ్చు, ఎందుకంటే వెలుగునిచ్చే పొడి అరిగిపోయింది. రేడియం మాత్రం అరగలేదు, దాని బలం సగానికి తగ్గడానికి 1600 ఏళ్లు పడుతుంది. అద్దం విప్పొద్దు, విరిగి ఉంటే ముట్టుకోవద్దు, పిల్లలకు ఇవ్వొద్దు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, పడకగదికి, వంటింటికి దూరంగా ఉంచండి. మ్యూజియం వాళ్లకు ఇచ్చేటప్పుడు రేడియం ఉండొచ్చని ముందే చెప్పండి.

ఇక మీరు చేయాల్సిన పని ఒకటి ఉంది. ప్రొపెల్లర్‌ని మంచం మీద పరిచి, పగటి వెలుగులో దిమ్మెకు నాలుగు వైపులా ఫొటోలు తీయండి. అచ్చుల మీద పలచటి కాగితం పెట్టి, మెత్తటి పెన్సిల్ పక్కవాటుగా రుద్దితే అక్షరాలు కాగితం మీదికి వస్తాయి. అర్థం కాని చోట ఊహించి నింపకండి, ఖాళీగా వదిలేయండి. మీ తాతగారు ఏ ఏడు అక్కడ చేరారో, ఇంట్లో ఎవరికైనా గుర్తుంటే అదీ రాయండి. అన్నీ కలిపి పత్రిక చిరునామాకు పంపితే, నా దగ్గరున్న పాత పుస్తకాలతో సరిచూసి, వచ్చే సంచికలో మొదటి జవాబు మీదే రాస్తాను.